మూడో గరిటె

నా కుడిచెయ్యి మంచిది కాదు. ఆరో తరగతిలో ఒకడి పన్ను రాలగొట్టింది. ఇంటర్లో మా మేనమామ కొడుకు చెవి వాచిపోయేలా కొట్టింది. "అందరికీ కోపం ముక్కు మీదుంటే వీడికి పిడికిట్లో ఉంది" అని మా అమ్మ చుట్టాలందరికీ నవ్వుతూ చెప్పుకునేది. ఆవిడ నవ్వకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. ఆ చెయ్యి ఢిల్లీలో చేసిన పని గురించి ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు.

గుంటూరు జిల్లా నుంచి ఎమ్మే చదవడానికి వెళ్ళాను. వసంత్ కుంజ్‌కి ఇవతల, తుమ్మచెట్ల మధ్య ఉన్న హాస్టల్. రెండో అంతస్తులో గది. రూమ్మేటు నిజామాబాద్ వైపు వాడు. నాకంటే ఏడాది పెద్ద, సివిల్స్‌కి చదువుతుండేవాడు. నెమ్మదస్తుడు. నేను తలుపు ధడాలున వేసినప్పుడల్లా పుస్తకంలోంచి తలెత్తకుండానే "తల్పు ఏం జేసిందిరా నీకు?" అని అడిగేవాడు. అలా అడిగితే నాకు ఇంకా మండేది.

మా మెస్సులో మూడు వందల మంది తినేవాళ్ళం. వారానికో కొట్లాట ఖాయం. పెరుగు అయిపోయిందని ఒకడు గిన్నె విసిరేవాడు, ఫ్యాను కింద బల్ల నాదంటే నాదని ఇద్దరు కాలర్లు పట్టుకునేవారు. కూర బాగా లేకపోతే హాలంతా కలిసి స్టీలు ప్లేట్లను బల్లల మీద కొట్టడం అక్కడి ఆనవాయితీ. ఒకడు మొదలుపెడితే చాలు, నిమిషంలో మూడు వందల ప్లేట్లు మోగేవి. ఆ మోతలో మంచివాడికి కూడా ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపిస్తుంది. నా సంగతి చెప్పేదేముంది.

ఆ మోతకు బెదరని మనిషి ఒక్కడే, వంటాయన. వంట చేసేవాణ్ణి అక్కడ మహరాజ్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. గఢ్వాల్ కొండల మనిషి, యాభై దాటాయి, పొట్టిగా గట్టిగా ఉండేవాడు. కాంట్రాక్టర్లు ఎంతమంది మారినా ఇరవై రెండేళ్ళుగా ఆ వంటింట్లో ఆయనే. రొట్టెలు, కూరలు ఎవరు వడ్డించినా అన్నం దగ్గర మాత్రం తనే నిలబడేవాడు. మనిషికి రెండు గరిటెలు, అది లెక్క. మళ్ళీ కావాలంటే మళ్ళీ లైన్లో నిలబడాలి.

నేను చేరిన మొదటిరోజు ప్లేటు చాచి నిలబడితే రెండు గరిటెలు వేసి నా మొహం వైపు చూశాడు.

"సౌత్ సే?"

తలూపాను.

"రోటీ సే పేట్ నహీఁ భరేగా తేరా" అని మూడోది వేశాడు. రొట్టెతో నీ కడుపు నిండదులే అని. ఆ రోజు నుంచి నాకు అడక్కుండానే మూడు. వెనకున్న హర్యానా వాడు తనకూ వెయ్యమని ప్లేటు ఊపితే "తూ రోటీ ఖా" అని, నువ్వు రొట్టె తినేవాడివేగా అన్నట్టు కసిరేవాడు. ఊరుగాని ఊళ్ళో నన్ను మొదట గుర్తుపట్టిన మనిషి ఆయన. అంత చేసిన మనిషి మీద నాకున్న కోపం ఒక్కటే, గంజి.

ఆయన బియ్యాన్ని బోలెడు నీళ్ళలో ఉడికించి, గంజి వార్చేసేవాడు. అన్నం పలుకు పలుకుగా వచ్చేది. పప్పు కలిపితే పప్పుదొక దారి, అన్నానిదొక దారి. మా ఇంట్లో అలా కాదు. అమ్మ అత్తెసరు పెట్టేది. వేలి గణుపు ముంచి చూసి, బియ్యానికి సరిపడా నీళ్ళే పోసి, వార్చే పని లేకుండా అందులోనే ఇగరనిచ్చేది. గంజిలో బలమంతా పోతుందనేది. మెస్సు వెనక తలుపులోంచి ఆ తెల్లటి గంజి కాలవలోకి పోతుంటే నా ఒంట్లో బలమే పోతున్నట్టు చూస్తూ నిలబడేవాణ్ణి.

రెండో ఏడాది మెస్ సెక్రటరీ ఎన్నికలొస్తే ఆ గంజి పట్టుకునే నిలబడ్డాను. మా వంటింటి పద్ధతి ఢిల్లీకి నేర్పుతానని గదిగదికీ తిరిగి చెప్పాను. తమిళులు, మలయాళీలు, ఒడియా వాళ్ళు, బెంగాలీలు, అన్నం తినేవాళ్ళందరూ నాకు ఓటేశారు. గెలిచాను. "గంజి మీద ఎలక్షన్ గెల్సినోడివి దేశంల నువ్వొక్కడివేరా" అని రూమ్మేటు నవ్వాడు. సెక్రటరీ అంటే ఏ పూట ఏం వండాలో చెప్పేవాడు, వంటింట్లో ఏం జరిగినా ఆకుపచ్చ అట్ట రిజిస్టర్లో రాసి వార్డెన్‌కి చూపించేవాడు. ఆ రిజిస్టరు చంకలో పెట్టుకుని నడిస్తే నాకు నేనే కలెక్టర్‌లా కనిపించేవాణ్ణి.

మొదటి వారమే మహరాజ్‌తో చెప్పాను, ఇకమీదట వార్చొద్దని. ఆయన కోప్పడలేదు. చేతిలోని కత్తి పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"ఘర్ మే చార్ లోగ్, యహాఁ తీన్ సౌ. ఇత్‌నే బడే దేగ్ మే పానీ నాప్ కే చావల్ నహీఁ పక్‌తా, బేటా."

నలుగురికి వండే పద్ధతి మూడు వందల మందికి పనికిరాదని, గుండిగలో నీళ్ళు కొలిచి పోస్తే అడుగు మాడుతుంది, పైన ఉడకదని ఆయన చెప్పిన సంగతి. నేను వింటేగా. నాకు అన్నం సంగతి చెప్తావా, వరి పండే ఊళ్ళో పుట్టినవాణ్ణి అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మూడు రోజులు వాదించి నాలుగో రోజు ఆయన "ఠీక్ హై, సెక్రటరీ సాబ్" అన్నాడు. బేటా పోయి సాబ్ వచ్చింది. నేను గెలిచాననుకున్నాను.

ఆగస్టు నెల, ఆదివారం మధ్యాహ్నం. గోడలకు కూడా చెమట పట్టే ఉక్క. నేనే స్వయంగా పొయ్యిల దగ్గర నిలబడి ఐదు గుండిగల్లో బియ్యం పోయించాను. నేనే చెంబుతో కొలిచి నీళ్ళు పోశాను. వేలి గణుపు కూడా ముంచి చూశాను, మా అమ్మలాగా. మహరాజ్ చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత వెళ్ళి, మూలనున్న చిన్న పొయ్యి మీద వేరే గుండిగలో ఎసరు పెట్టుకున్నాడు. అదెందుకని కూడా నేను అడగలేదు.

పన్నెండున్నరకు మూతలు తీశాం. పైన బియ్యం బియ్యంలాగే ఉంది. మధ్యలో పిండిముద్ద. గరిటె కిందికి దించితే నల్లటి మాడు పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఐదు గుండిగలూ అంతే. మాడు వాసన హాల్లోకి పోయింది, వాసనతో పాటే మోత మొదలైంది.

ముందు ఒక ప్లేటు. తర్వాత పది. తర్వాత మొత్తం హాలు. "గంజీవాలా! గంజీవాలా!" అని ఆ దరువుకు తగ్గట్టు అరుస్తున్నారు. నాకు ఓట్లేసిన వాళ్ళే ఎక్కువ గట్టిగా అరుస్తున్నారు. నేను బల్లెక్కి ఏదో చెప్పబోయాను. ఎక్కడినుంచో ఒక ప్లేటు గిర్రున తిరుగుతూ వచ్చి కనుబొమ మీద తగిలింది. కంట్లోకి రక్తం కారింది. విసిరినవాణ్ణి చూశాను, ఎగిరి మీద పడ్డాను. ఇద్దరం పప్పు ఒలికిన నేల మీద దొర్లాం. వాడి పెదవి చిట్లేదాకా గుద్దాను. వాడు నా భుజం కొరికాడు. నలుగురు పట్టి లాగితే చొక్కా వాళ్ళ చేతుల్లో చిరిగింది. అప్పుడు ఎవడో నవ్వుతూ అన్నాడు, ముందు అన్నం వండటం నేర్చుకో, తర్వాత కొడుదువుగాని అని. హాలంతా నవ్వింది.

ఇంకో దెబ్బ తిన్నా బాగుండేది. నవ్వు పడలేదు నాకు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా మహరాజ్‌దేనని ఆ క్షణంలో నిజంగానే నమ్మాను. నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికే మంట పెద్దది చేశాడని నమ్మాను. వంటింట్లోకి పరిగెత్తాను.

పనివాళ్ళందరూ మోత ఆపడానికి రొట్టెల బుట్టలు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. వంటింట్లో ఆయనొక్కడే ఉన్నాడు. ఇలా అవుతుందని ముందే తెలిసి మూల పొయ్యి మీద పెట్టుకున్న అన్నం ఉడికింది. దాన్ని దించి, రాతి గట్టు మీద వాలుగా ఆనించి, గుడ్డతో మూత నొక్కిపట్టి గంజి వారుస్తున్నాడు. నా పరువు కాపాడటానికి వండిన అన్నం అది. ఆ సంగతి నాకు తట్టలేదు.

"జాన్ బూజ్ కే కియా తూనే!" అని అరిచాను. కావాలనే చేశావని.

ఆయన తల తిప్పలేదు. "పీఛే హట్. గరమ్ హై."

వెనక్కి జరగమని, వేడిగా ఉందని, నా మంచికే అన్నాడు. నేను మెడ మీద ఒక్కటి చరిచి, కాలర్ పట్టుకుని నా వైపు లాగాను.

గుండిగ తిరగబడింది. మరుగుతున్న గంజి మోకాళ్ళ దగ్గర్నుంచి పాదాల దాకా ఆయన మీద పడింది. నీళ్ళయితే జారిపోయేవి. గంజి జారదు, అంటుకుంటుంది. ఆయన ముందు అరవలేదు. రెండు చేతులతో పైజామాను కాళ్ళ నుంచి దూరంగా లాక్కోబోయాడు. గుడ్డతో పాటు తోలు వచ్చింది. అప్పుడు అరిచాడు. హాల్లో ప్లేట్ల మోతలో ఆ అరుపు నాకొక్కడికే వినబడింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. కాలింది ఆయన కాళ్ళు, ఆకులు వెతుక్కున్నది నేను. కుళాయి కింద కూర్చోబెట్టి నీళ్ళు పోశాను. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో ఆయన పళ్ళు బిగించి ఊగుతుంటే నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నొప్పి ఆయనది, ఏడుపు నాది. నా ఏడుపు కూడా ఆయన కాళ్ళ కోసం కాదు. విద్యార్థి చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే హాస్టల్ సీటు పోతుంది. సీటు పోతే బయట గది తీసుకుని చదివించే స్తోమత మా ఇంట్లో లేదు. కాలు జారి పడ్డానని చెప్పు మహరాజ్ అని బతిమాలాను. అబ్బాయిలతో గొడవపడ్డ పనివాణ్ణి కాంట్రాక్టర్ ఉంచుకోడు, నీకూ అదే మంచిదని తెలివిగా కూడా చెప్పాను.

ఆయన కళ్ళు మూసుకుని "ఠీక్ హై. చుప్ హో జా" అన్నాడు, సరేలే, ఏడుపు ఆపమని.

డాక్టర్ అడిగితే అలాగే చెప్పాడు. సాయంత్రం వార్డెన్ వచ్చి అడిగినా అలాగే చెప్పాడు, "పైర్ ఫిసల్ గయా, సాబ్" అని. ఆ రాత్రి ఆకుపచ్చ రిజిస్టర్ తెరిచి నా దస్తూరీతో రాశాను, గంజి వారుస్తుండగా వంటాయన కాలు జారి పడ్డాడని. కింద సంతకం పెట్టాను.

నేను చూపించిన తెలివి వారం కూడా నిలవలేదు. రిజిస్టర్ చూసి కాంట్రాక్టర్ ఆయన్ని తీసేశాడు. వయసు మీద పడింది, కాళ్ళు నిలవడం లేదు, ఇంకోసారి ఇంకొకడి మీద ఒలకబోస్తాడు అన్నాడట. ఆయన్ని కాపాడుతుందని చెప్పిన అబద్ధమే ఆయన్ని గెంటేసింది. నేను మాత్రం సీటులోనే ఉన్నాను. కొత్త వంటాయన వచ్చాడు, గంజి వార్చే వండాడు. నేను కిక్కురుమనకుండా తిన్నాను.

మూడు వారాల తర్వాత రూమ్మేటు కోచింగ్ నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకుండానే అన్నాడు.

"జియా సరాయ్‌ల మహరాజ్‌ను చూసిన. పరాఠా బండి కాడ కూసోని ఆలుగడ్డలు పొట్టు తీస్తున్నడు. కాళ్ళకు కట్లున్నయ్."

నేను చదువుతున్న పేజీ తిప్పాను.

"ఆయన కాలు జారలేరా. నువ్వు నూకినవ్. ఆ దినం నీ ప్యాంటు మీద గంజి మరకలు నేను చూడలేదనుకున్నవా?"

కొట్టాను. ముక్కు మీద. మంచం మీదున్న వాడి నోట్సు మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది. వాడు చెయ్యి ఎత్తలేదు, తువ్వాలు ముక్కుకు అదుముకుని నా వైపే చూశాడు.

"ఇంకోటి కొట్టు. కొట్టుడు తప్ప నీకేం వస్తది?"

మర్నాడు మధ్యాహ్నం కోచింగ్ సెంటర్లుండే ఆ జియా సరాయ్ వెళ్ళి, పరాఠా బండివాణ్ణి అడిగితే గది చూపించాడు. జిరాక్సు షాపుల వెనక, తల మీద కరెంటు తీగలు వేలాడే సందులో, చెప్పులు విడిచే చోటు కూడా లేని గది. ఆయన మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆ రోజు కట్లు విప్పి ఆరబెట్టుకుంటున్నాడు. మోకాళ్ళ కింద తోలు ఒకచోట గులాబీ రంగులో, ఒకచోట తెల్లగా, ముడతలు ముడతలుగా ఉంది. తెచ్చిన మందు ట్యూబు, పళ్ళు మంచం మీద పెట్టాను. క్షమించమన్నాను.

"పాస్ ఆ" అన్నాడు.

దగ్గరికి వెళ్ళి వంగాను. భుజం మీద చెయ్యి వేస్తాడనుకున్నాను, నా తెలివి అంతే. ఆయన వెనక్కి ఊగి, ఉన్న బలమంతా పెట్టి చెంప మీద కొట్టాడు. చెవిలో ఈల మోగింది. తల గోడకు తగిలింది. నా జీవితంలో ఎవరైనా కొడితే నా కుడిచెయ్యి లేవకుండా ఉన్నది ఆ ఒక్కసారే.

"కాళ్ళు కాల్చినందుకు కాదిది" అన్నాడు హిందీలో, ఆయాసపడుతూ. "పని కోసం మూడు హాస్టళ్ళకి పోయాను. గంజి వారుస్తూ పడిపోయిన మహరాజ్ నువ్వేనా అని అడిగారు. మూడు చోట్లా అదే మాట. బాయీస్ సాల్! ఏక్ దిన్ మేరా పైర్ నహీఁ ఫిస్‌లా."

ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడు తన కాలు జారలేదని. ఆ మాట అంటుంటే ఆయనకు కాళ్ళు కాలినప్పుడు రాని నీళ్ళు కళ్ళలో కనబడ్డాయి.

"మీరే కదా జారానని చెప్పింది" అని నసిగాను. సిగ్గులేని మాట. అన్నాను.

"నువ్వు ఏడుస్తున్నావు. పిల్లాడు ఏడుస్తుంటే నోటికొచ్చింది చెప్పి ఊరుకోబెడతాం. నువ్వు కాయితం మీద రాశావు." తలుపు వైపు చెయ్యి చూపించాడు. "జా. సచ్ లిఖ్."

వెళ్ళి నిజం రాయమన్నాడు. వెంటనే రాశానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ రాయలేదు. మూడు రోజులు రిజిస్టరు పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను. రూమ్మేటు ముక్కుకు ప్లాస్టరుతో ఎదురుగా కూర్చుని చదువుకునేవాడు, వార్డెన్‌కి చెప్పలేదు, నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున ఆ పాత వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి కింద రాశాను. ఆయన కాలు జారలేదు, నేను మెడ మీద కొట్టి లాగాను, నీళ్ళు కొలిచింది కూడా నేనే, అని. వార్డెన్ చదివి, కళ్ళద్దాలు తీసి, నిన్ను ఎవరైనా బెదిరించారా అని అడిగాడు. నిజం రాసేవాడిలా నేను ఎవరికీ కనబడలేదన్నమాట.

వారంలో సీటు పోయింది. చదువు మాత్రం ఆపలేదు. జియా సరాయ్‌లో నలుగురున్న గదిలో ఒక మంచం తీసుకుని, పొద్దున్నే బడిపిల్లలకు పాఠాలు చెప్పి నెట్టుకొచ్చాను. దీపావళి తర్వాత మహరాజ్‌ని మళ్ళీ పనిలోకి తీసుకున్నారని జనవరిలో గానీ తెలియలేదు. ఆ వార్త చెప్పింది రూమ్మేటే. ఫోన్లో ఆర్నెల్లకి సరిపడా తిట్టి, చివర్లో "ఆదివారం గెస్టు కూపన్ తీసిన. వచ్చి తిను, గంతే" అన్నాడు.

ఆదివారం. మంచు ఇంకా విడవని మధ్యాహ్నం. మెస్సులో మళ్ళీ అదే రాజ్మా వాసన, అదే గోల. ఫ్యాను కింది బల్ల కోసం చలికాలంలో కూడా ఇద్దరు తోసుకుంటున్నారు. ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. ఆయన అన్నం దగ్గర ఉన్నాడు. పైజామా కింద నుంచి పాదాల మీద తెల్లటి మచ్చలు కనబడుతున్నాయి. నిటారుగా నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో జియా సరాయ్ నుంచి నడిచొస్తూ హిందీలో పదిసార్లు అనుకున్నాను.

నా ముందు కొత్త కుర్రాడు, మధురై వాడని మాటల్ని బట్టి తెలిసింది. మహరాజ్ రెండు గరిటెలు వేసి వాడి మొహం చూశాడు. "సౌత్ సే?" అన్నాడు. వాడు బిక్కమొహంతో తలూపాడు. మూడోది వేశాడు.

నేను ప్లేటు చాచాను. ఆయన నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. అన్నం పలుకు పలుకుగా, పొగలు కక్కుతూ పడింది. ఒకటి. రెండు. నేను ప్లేటు వెనక్కి తీసుకోలేదు. "ఆగే బఢో, భాయ్" అన్నాడు వెనకాల వాడు, ముందుకు కదలమని.

మహరాజ్ గరిటె అన్నంలో ముంచి, నా వెనకాల వాడి ప్లేటు వైపు తిరిగాడు.